బోర్డు వాళ్లది... బాకీ మనది

రాత్రి తొమ్మిదిన్నర. గుంటూరు బ్రాడీపేటలో మా పిన్ని కొడుకు నడుపుతున్న ఫ్రైడ్ చికెన్ షాపు. మూడొందల చదరపు అడుగుల గది, ఆరు కుర్చీలు, బయట ఎర్ర లైట్ల బోర్డు. గుమ్మం దగ్గర ఇద్దరు డెలివరీ కుర్రాళ్లు ఫోన్లు చూసుకుంటూ నిలబడ్డారు. లోపల కాగే నూనెలో ముక్కలు పడుతున్న చప్పుడు. ఆర్డరు వచ్చినప్పుడల్లా కౌంటర్ మీద ట్యాబ్ మోగుతోంది. దారినపోయేవాళ్లు చూస్తే కుర్రాడు బాగానే సంపాదిస్తున్నాడనుకుంటారు. ఆ రాత్రి దాకా నేనూ అలాగే అనుకున్నాను.

షట్టరు సగం దించాక వాడు గల్లాపెట్టె కిందనుంచి పొడుగాటి లెక్కల పుస్తకం తీశాడు. "అక్కా, సేల్ బానే ఉంది. మిగలడమే లేదు" అన్నాడు. లోపల గిన్నెలు కడుగుతున్న కుర్రాళ్లకు వినపడకూడదని గొంతు బాగా తగ్గించాడు.

ఆ పుస్తకం ఇంటికి తెచ్చుకుని రెండు రాత్రులు చదివాను. అప్పటినుంచీ ఎవరు ఫ్రాంచైజీ మాట ఎత్తినా నాకు ఆ పుస్తకమే గుర్తొస్తోంది. ఈమధ్య ఆ మాట ఎత్తేవాళ్లు ఎక్కువయ్యారు. రిటైర్మెంట్ డబ్బు చేతికొచ్చిన మాస్టారు అడుగుతారు. ఐటీ ఉద్యోగం పోయిన కుర్రాడు అడుగుతాడు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చి, ఊళ్లోనే ఏదో ఒకటి పెట్టుకుందామనుకునే వాళ్లూ అడుగుతారు. "పేరున్న బ్రాండు తీసుకుంటే రిస్కు ఉండదు కదా" అన్నది అందరి మాట. ఏ బ్రాండు మంచిదన్న ప్రశ్న తర్వాత. ఆ షాపులో పుట్టే ప్రతి రూపాయిలోంచి ఎవరి వాటా ఎప్పుడు పోతుందో, మన వంతు ఎన్నోదో ముందు తెలుసుకోవాలి.

ఆ పెద్ద బోర్డులు మనకివ్వరు

చాలామంది మొదట అడిగేది మెక్‌డొనాల్డ్స్, కేఎఫ్‌సీ, డామినోస్ గురించే. మన దేశంలో ఇవి విడివిడి మనుషులకు ఫ్రాంచైజీ ఇచ్చే పద్ధతిలో నడవడం లేదు. దక్షిణ, పశ్చిమ రాష్ట్రాల్లో మెక్‌డొనాల్డ్స్ హక్కులన్నీ వెస్ట్‌లైఫ్ ఫుడ్‌వరల్డ్ చేతిలో ఉన్నాయి. డామినోస్‌ను జూబిలెంట్ ఫుడ్‌వర్క్స్ నడుపుతోంది. కేఎఫ్‌సీ, పిజ్జా హట్ దేవయాని ఇంటర్నేషనల్, సఫైర్ ఫుడ్స్ చేతుల్లో పెరిగాయి. బర్గర్ కింగ్ రెస్టారెంట్ బ్రాండ్స్ ఏషియాది. స్టార్‌బక్స్‌ను టాటాలతో కలిసి తెచ్చారు. ఇవన్నీ షేర్ మార్కెట్లో ఉన్నవో, పెద్ద పెట్టుబడిదారుల అండ ఉన్నవో. ఒక దేశానికో, సగం దేశానికో హక్కు తీసుకుని షాపులన్నీ సొంతంగా నడుపుకుంటాయి. మన దగ్గర మంచి సెంటర్లో స్థలం ఉంటే అద్దెకు తీసుకుంటాయి, అంతే.

అందుకే "కేఎఫ్‌సీ ఫ్రాంచైజీ ఇప్పిస్తాం, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అంటూ ఫోనో, మెయిలో వస్తే అది మోసమే అనుకోండి. అచ్చం కంపెనీదిలా కనిపించే వెబ్‌సైట్లు, లోగోతో అలాట్‌మెంట్ లెటర్లు తయారుచేసి లక్షలు లాగిన కేసులు దేశమంతటా ఉన్నాయి. ఇప్పటికే డబ్బు వేసేసినవాళ్లు సిగ్గుపడి ఇంట్లో దాచకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. తొలి గంటల్లో ఫిర్యాదు చేస్తే ఆ డబ్బు చేతులు మారకముందే బ్యాంకులో ఆపే అవకాశం ఉంటుంది.

పెద్ద కంపెనీలకైనా ఈ ఒప్పందాలు పూలబాట కాదు. ఉత్తర, తూర్పు రాష్ట్రాల్లో మెక్‌డొనాల్డ్స్ నడిపిన కన్నాట్ ప్లాజా రెస్టారెంట్స్‌లో అమెరికా కంపెనీకీ, భాగస్వామి విక్రమ్ బక్షీకీ 2013లో గొడవ మొదలైంది. 2017లో ఢిల్లీలో లైసెన్సులు రెన్యువల్ కాక 43 షాపులు మూతపడ్డాయి. ఆ ఏడాదే 169 షాపుల ఒప్పందాన్ని అమెరికా కంపెనీ రద్దు చేసింది. రాజీ కుదిరేసరికి 2019 వచ్చింది. ఎదుట లాయర్ల దండును నిలబెట్టగలిగిన మనిషికే అన్నేళ్లు పట్టింది. స్టాంపు పేపరు మీద చదవకుండా సంతకం పెట్టే మనవాళ్ల సంగతి తల్చుకుంటే నాకు భయమేస్తుంది.

మరి మనకు దొరికేవేమిటి? టీ కౌంటర్లు, షవర్మా, మోమోలు, వాఫుల్స్, ఫ్రైడ్ చికెన్, చిన్న బర్గర్ షాపులు, కప్పు బిర్యానీలు. కొన్ని మన నేల మీద పుట్టినవి. గోదావరి జిల్లాల నుంచి విస్తరించిన టీ టైమ్ వ్యవస్థాపకుడు తంగెళ్ల ఉదయ్ శ్రీనివాస్ 2024లో కాకినాడ ఎంపీ అయ్యారు. టీ కౌంటర్ లాంటి వాటిలో పెట్టుబడి తక్కువ, బిల్లూ చిన్నదే. పదిహేను, ఇరవై రూపాయల కప్పు మీద అద్దె, జీతాలు, కరెంటు రావాలంటే పొద్దున అయిదింటికి షట్టరు ఎత్తి రాత్రి దాకా అక్కడే ఉండే మనిషి కావాలి. మనిషిని పెట్టి నడిపిద్దామనుకునేవాళ్లకు అది పనికిరాదు.

అమూల్ పద్ధతి పూర్తిగా వేరు. కంపెనీ చెప్పిన లెక్కల్లో చిన్న పార్లర్‌కు 100 నుంచి 150 చదరపు అడుగులు, సుమారు 2 లక్షల పెట్టుబడి. ఐస్‌క్రీమ్ స్కూపింగ్ పార్లర్‌కు 300 అడుగులు, సుమారు 6 లక్షలు. రాయల్టీ లేదు. పాల ప్యాకెట్ల మీద మార్జిన్ దాదాపు రెండున్నర శాతం, పాల ఉత్పత్తుల మీద 10, ఐస్‌క్రీమ్ మీద 20 శాతం. షాపులోనే కలిపి ఇచ్చే సండేలు, షేకుల మీద 50 శాతం దాకా ఉంటుంది. పాలూ పెరుగే ఎక్కువగా కదిలే వీధిలో పెడితే మిగిలేది నామమాత్రం, పిల్లలు సాయంత్రం చేరే చోట పెడితే లెక్క మారుతుంది. బోర్డు ఒకటే అయినా వీధిని బట్టి ఆదాయం మారిపోవడం ఇందులో తేటగా కనిపిస్తుంది.

83 బిల్లులు, 117 బిల్లులు

మా తమ్ముడి పుస్తకానికి వస్తాను. కంపెనీ పేరు రాయను. అంకెలు చదివేవాళ్ల వీలు కోసం కొంచెం గుండ్రం చేశాను.

పెట్టుబడి 18 లక్షలు. అందులో 12 లక్షలు బ్యాంకు అప్పు. పన్ను తీసేస్తే నెల సేల్ 5 లక్షలు. చికెన్, నూనె, మసాలా, డబ్బాలు కలిపి 38 శాతం, అంటే 1,90,000. అద్దె 60,000, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 70,800. అయిదుగురి జీతాలు, వాళ్ల గదీ భోజనం 95,000. కరెంటు, గ్యాసు 32,000. కంపెనీకి రాయల్టీ 6 శాతం, జీఎస్టీతో 35,400. సేల్‌లో సగం యాప్‌ల ద్వారా వస్తుంది. ఆ రెండున్నర లక్షల మీద 22 శాతం కమీషన్, దానిపై జీఎస్టీ కలిపి 64,900.

అన్నీ తీసేస్తే మిగిలింది 11,900 రూపాయలు. అప్పు కిస్తీ సుమారు 26,700. పొద్దున పదింటినుంచి రాత్రి పదకొండు దాకా నిలబడిన మనిషి జీతం ఇందులో లేదు. ఫ్రయ్యర్ రిపేరుకొస్తే ఆ ఖర్చూ లేదు.

ఇప్పుడు అదే షాపులో నెల సేల్ 7 లక్షలనుకోండి. మరో మనిషిని పెట్టుకుని, కరెంటు కాస్త పెరిగినా అద్దె మాత్రం అంతే ఉంటుంది. అన్నీ పోగా దాదాపు 75,800 మిగులుతుంది. సగటు బిల్లు 200 అనుకుంటే మొదటి లెక్కకు రోజుకు 83 బిల్లులు కావాలి, రెండోదానికి 117. తేడా 34 బిల్లులు. ఆ 34 బిల్లులు పడే వీధా కాదా అన్నదాని మీదే ఆ కుటుంబం గతి ఆధారపడి ఉంది. బ్రోచర్‌లో మాత్రం "రోజుకు 150 బిల్లులు" అన్న ఊహ మీద లెక్కగట్టి, 14 నెలల్లో పెట్టుబడి వెనక్కి వస్తుందని రంగురంగుల అక్షరాల్లో వేశారు.

ఇంకో సంగతి కూడా ఆ పుస్తకమే చెప్పింది. మొదటి లెక్కలో వాడి చేతికొచ్చింది 11,900. కంపెనీకి ముట్టింది పన్ను కాకుండా 30,000. రాయల్టీ సేల్ మీద లెక్క కడతారు, లాభం మీద కాదు. షాపు నష్టంలో ఉన్న నెల కూడా వాళ్ల వాటా వాళ్లకు వెళ్తుంది. మ్యారినేషన్ పొడి, ప్యాకింగ్ డబ్బాలు కంపెనీ దగ్గరే కొనాలంటే అందులో మరో మార్జిన్. "మాది జీరో రాయల్టీ" అని గొప్పగా చెప్పే బ్రాండ్లు చాలాసార్లు దాన్ని సరుకు ధరలోనే కలుపుకుంటాయి. రాయల్టీ ఎంతని అడిగినట్టే, ఆ మసాలా పొడి కిలో ఎంతకు ఇస్తున్నారు, బజార్లో అలాంటిది ఎంత అని కూడా అడగండి.

వెనక్కి రాని పన్ను

ఇది ఫ్రాంచైజీ అమ్మడానికి వచ్చేవాళ్లలో ఎవరూ చెప్పగా నేను వినలేదు. మామూలు వ్యాపారి తాను కట్టిన జీఎస్టీని, వసూలు చేసిన జీఎస్టీలోంచి మినహాయించుకుంటాడు. 2017 నవంబరు 15 నుంచి రెస్టారెంట్లకు 5 శాతం పన్ను పెట్టి, ఆ మినహాయింపు తీసేశారు. కాబట్టి అద్దె మీద 18 శాతం, రాయల్టీ మీద 18, యాప్ కమీషన్ మీద 18, అన్నీ షాపు యజమాని జేబులోంచే పోతాయి. 5 లక్షల ఫ్రాంచైజీ ఫీజు నిజానికి 5 లక్షల 90 వేలు. ఇంటి ఓనరుకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు కదా, అద్దె మీద పన్ను ఉండదులే అనుకోవడానికీ లేదు. 2024 అక్టోబరు 10 నుంచి అలాంటి కమర్షియల్ అద్దె మీద పన్నును, కాంపోజిషన్ పథకంలో ఉన్నవాళ్లు తప్ప, రిజిస్ట్రేషన్ ఉన్న కిరాయిదారే కట్టాలి.

మా తమ్ముడి షాపులో అద్దె, రాయల్టీ, కమీషన్ల మీదే నెలకు 26,100 ఇలా పోతోంది. అప్పు కిస్తీకి ఆరొందలు తక్కువ. షాపు తెరిచిన మూడో నెలలో ఆడిటర్ చెబితేగానీ వాడికి తెలియలేదు.

కాగితం మీద ఏముంది

కంపెనీ పంపే ఒప్పందం నలభై పేజీలుంటుంది. అందులో యజమాని చేయాల్సిన పనులకు ముప్పై పేజీలుంటే కంపెనీ చేయాల్సినవి రెండు పేజీల్లో సరిపోతాయి. మా వాడి ఒప్పందంలో మొదట నాకు గుచ్చుకున్నది ఏరియా. "ఈ ప్రాంతంలో" అని ఉంది కానీ ఎన్ని కిలోమీటర్లో లేదు. ఎనిమిది నెలలు తిరక్కుండానే అరండల్‌పేటలో అదే బోర్డు ఇంకొకటి వెలిగింది. కంపెనీకి రెండు షాపుల సేల్ మీదా రాయల్టీ వస్తుంది కనుక వాళ్లకు నష్టం లేదు. యాప్‌లో ఆర్డరు దగ్గరున్న షాపుకు పోతుంది కనుక మావాడి పాత కస్టమర్లు కొందరు తెలియకుండానే అటు మళ్లారు.

సబ్‌వే కథ ఇందుకు పెద్ద ఉదాహరణ. అమెరికాలో అమ్మకం మీద 8 శాతం రాయల్టీ, మరో 4.5 శాతం ప్రకటనల ఖర్చు తీసుకుంటూ, ఒకదాని పక్కన ఒకటి షాపులు తెరిపించింది. 2015లో అక్కడ 27 వేలకు పైగా ఉన్న షాపులు 2023 నాటికి 20 వేల చిల్లరకు దిగాయి. మూతపడిన ఆ వేల షాపుల్లో ఎన్నో కుటుంబాల కష్టార్జితం ఉంది.

పేరు ఎవరిదో కూడా చూడాలి. హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్ బావర్చీ వాళ్లు మాకు బ్రాంచీలు లేవని చెబుతూనే ఉంటారు. ఆ పేరు మాత్రం ఏ హైవే మీదైనా కనిపిస్తుంది. మనకు పేరు అమ్ముతున్న మనిషికి ట్రేడ్‌మార్క్ రిజిస్టర్ అయిందా, దరఖాస్తు దశలోనే ఉందా అన్నది ప్రభుత్వ ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. పావుగంట పని. ఫలానా ఏళ్లదాకా వదిలిపోకూడదన్న లాక్-ఇన్ ఎంత, మధ్యలో మానేస్తే డిపాజిట్ పోతుందా, అయిదేళ్ల తర్వాత రెన్యువల్‌కు మళ్లీ ఫీజా, గొడవొస్తే ఆర్బిట్రేషన్ ఏ ఊళ్లో? చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది. గుంటూరు మనిషి మూడు లక్షల డిపాజిట్ కోసం ఢిల్లీ లాయరును పెట్టుకోగలడా?

సరుకు కూడా మన చేతిలో ఉండదు. 2024 అక్టోబరు చివర్లో తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. ఒకచోట మోమోలు తిన్నవాళ్లు జబ్బుపడితే, ఆ నిషేధం రాష్ట్రమంతా షవర్మా, బర్గర్, మోమో షాపులన్నిటికీ తగిలింది. నూనె సంగతీ అంతే. వాడిన నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే పారబోయాలని ఆహార భద్రతా సంస్థ 2018 జులై నుంచి నిబంధన పెట్టింది. మావాడు రాత్రి షట్టరు దించేముందు మీటరు ముంచి చూస్తాడు. 24 చూపించిన రోజున ఆ నూనె మర్నాటికి ఉంచితే వెయ్యి రూపాయలు మిగులుతాయి. వాడు పారబోస్తాడు. పారబోయని షాపు అదే బోర్డుతో ఇంకో ఊళ్లో ఉంటే, పేరు ఇద్దరిదీ కలిసే పోతుంది.

అక్కడ 14 రోజుల గడువు, ఇక్కడ బ్రోచర్

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన తెలుగువాళ్లు ఒక శాండ్‌విచ్ షాపు ఫ్రాంచైజీ తీసుకోవాలంటే, సంతకానికీ డబ్బుకూ కనీసం 14 రోజుల ముందు కంపెనీ ఒక పత్రం చేతిలో పెట్టాలి. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన అది. ఆ పత్రంలో 23 అంశాలుంటాయి. కంపెనీ మీదున్న కోర్టు కేసులు, మొత్తం పెట్టుబడి, ఎన్ని షాపులు తెరిచారు, ఎన్ని మూసేశారు. గత ఏడాది వదిలిపోయినవాళ్లతో మాట్లాడుకోవడానికి వాళ్ల వివరాలు కూడా ఇవ్వాలి.

మన దేశంలో ఫ్రాంచైజీల కోసమంటూ ప్రత్యేక చట్టం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 1999 నాటి ట్రేడ్‌మార్క్ చట్టం, ఆ పైన ఎవరి తెలివి వారిది. మూసేసిన షాపుల జాబితా ఇమ్మని అడిగే హక్కు కొనేవాడికి కాగితం మీద లేదు. ఈ చట్టం రావాలి. అప్పటిదాకా ఆ జాబితా మనమే తయారుచేసుకోవాలి. ఆ బ్రాండు పేరు మ్యాప్‌లో వెతికితే "శాశ్వతంగా మూసివేశారు" అని కనిపించే చోట్లకు వెళ్లి, పక్క షాపువాణ్ని అడిగితే పాత ఓనరు ఫోన్ నంబరు దొరుకుతుంది. మాట్లాడుకోమని కంపెనీ ఇచ్చే అయిదు నంబర్లకన్నా ఆ ఒక్క నంబరు విలువైనది. అలా మూసేసినవాళ్లు గంటసేపు మాట్లాడతారు. ఇన్నాళ్లూ వాళ్లను అడిగినవాళ్లు లేరు.

తర్వాత, మీ ఊరంత ఊళ్లో నడుస్తున్న ఆ బ్రాండు షాపు ఎదురుగా ఒక మంగళవారం, ఒక శనివారం కూర్చోండి. పొద్దున్నుంచి రాత్రి దాకా బిల్లులు లెక్కపెట్టండి. డెలివరీ కుర్రాళ్లకు విడిగా గీతలు గీసుకోండి. ప్రారంభోత్సవం జరిగిన నెలలో వద్దు, ఏడాది దాటిన షాపు దగ్గర కూర్చోండి. ఇంకో రకం కంపెనీలూ తగులుతాయి. "మీరేం చేయక్కర్లేదు, షాపు మేమే నడుపుతాం, నెలకు ఇంత గ్యారంటీ" అంటారు. ఆ గ్యారంటీ వాళ్ల షాపు లాభంలోంచి వస్తోందా, మీ తర్వాత చేరినవాళ్ల డబ్బులోంచి వస్తోందా అన్నది తేలకుండా రూపాయి కూడా కట్టకండి.

ఫ్రాంచైజీలతో బాగుపడ్డవాళ్లు లేరని కాదు. 1952లో కేఎఫ్‌సీ కల్నల్ శాండర్స్ తన మసాలా రహస్యాన్ని సాల్ట్ లేక్ సిటీలోని పీట్ హార్మన్‌కు, అమ్మిన కోడికి ఇంత చొప్పున అన్న నోటిమాట మీద ఇచ్చాడు. ఇద్దరూ ఎదిగారు. అప్పటికే హార్మన్‌కు నడుస్తున్న హోటల్ ఉంది, వంటిల్లు తెలుసు, తన ఊరి రుచి తెలుసు. మన దగ్గర నిలబడినవాళ్లలోనూ నేను చూసింది ఎక్కువగా అలాంటివాళ్లనే. సొంత గది ఉన్నవాళ్లు, ఇంట్లో మరో జీతం వచ్చేవాళ్లు, మాస్టర్ రాకపోతే తామే ఫ్రయ్యర్ ముందు నిలబడేవాళ్లు.

మా తమ్ముడి షాపు ఇంకా నడుస్తోంది. ఓనరును బతిమాలి అద్దె ఎనిమిది వేలు తగ్గించుకున్నాడు. ఇంటి బిర్యానీ కూడా అమ్ముకుంటానంటే కంపెనీ ఒప్పుకోలేదు. సాయంత్రాలు అక్కడ జనం బాగానే ఉంటారు కనుక, కొత్తగా ఫ్రాంచైజీ అడిగేవాళ్లను కంపెనీవాళ్లు ఆ వేళకే మావాడి దగ్గరికి పంపుతుంటారు. ఇదివరకు "బానే ఉందండీ" అని నవ్వి పంపేసేవాడు.

పోయిన ఆదివారం తెనాలి నుంచి ఒక జంట వచ్చింది. ఆయన ఈమధ్యే రిటైరయ్యారు. మావాడు వాళ్లను మూల టేబుల్ దగ్గర కూర్చోబెట్టి, "బాబాయ్ గారూ, ఇది చూసి వెళ్లండి" అని లెక్కల పుస్తకం ముందు పెట్టాడు. ఆయన కళ్లజోడు తుడుచుకునేలోపే ఆవిడ పేజీలు తిప్పడం మొదలుపెట్టారు. నవంబరు దగ్గర ఆగారు.

"ఇదేంటి బాబూ, ఈ నెల సగం కూడా లేదు?"

"కార్తీకం పిన్నిగారూ. ముక్క ముట్టరు కదా. అయ్యప్ప మాలలు కూడా అప్పుడే."

"మరి ఆ నెల కుర్రాళ్ల జీతాలెలా ఇచ్చావు?"

వాడు ఒక్క క్షణం ఆగాడు. "అమ్మ గాజులు" అన్నాడు.

ఆవిడ పుస్తకం మూయలేదు. కొంగు సర్దుకుని, డిసెంబరు పేజీ తిప్పారు.